ఎస్ చేర్చే ముందు ఒకసారి పలికి చూడండి

చిరంజీవులకు ఆశీస్సులు.

ఇంగ్లీషులో బహువచనం కావాలంటే మాట చివర ఎస్ చేరుస్తాం: బుక్, బుక్స్. అయితే బస్, బాక్స్, బ్రష్, బెంచ్ లాంటి మాటలకు ఉత్త ఎస్ చాలదు. కారణం మీ నోరే చెబుతుంది. 'బస్' అని, ఆ వెంటనే ఇంకో 'స్' పలకబోయి చూడండి. రెండూ కలిసిపోయి ఒక్కటే వినిపిస్తుంది. అందుకే మధ్యలో ఒక అచ్చు వచ్చి బసెస్, బెంచెస్ అవుతాయి. రాతలో ఆ అచ్చు కోసమే ఎస్‌కు ముందు 'ఈ' అక్షరం రాస్తాం. 'పేజ్'లో ఆ అక్షరం ముందే ఉంది కాబట్టి ఎస్ ఒక్కటి చాలు. 'స్టమక్' రాతలో సి-హెచ్‌తో ముగిసినా పలికేది 'క్' కనుక దానికీ ఎస్సే. అనుమానం వస్తే చెవినే నమ్మండి.

పలకడంలో ఇంకో తేడా ఉంది. గొంతు మీద రెండు వేళ్లు ఆనించి 'బుక్స్' అనండి. చివర అదురు ఉండదు. 'డాగ్', 'పెన్' లాంటి వాటి చివర గొంతు అదురుతుంది. అక్కడ ఎస్ కూడా తుమ్మెద రొదలా జెడ్ ధ్వనితో పలకాలి. రాత మాత్రం మారదు.

వై ముందు హల్లు ఉంటే వై పోయి ఐ-ఈ-ఎస్ వస్తుంది: బేబీ, సిటీ. మన 'గది' కూడా 'గదులు' అయ్యేటప్పుడు చివరి అచ్చు మార్చుకుంటుంది కదా! వై ముందు అచ్చు ఉంటే, అంటే బాయ్, కీ, మంకీ లాంటి వాటికి, ఎస్ చాలు. ఓతో ముగిసేవాటిని మాత్రం బట్టీ పట్టక తప్పదు. పొటాటో, టమాటో, హీరోలకు ఈ-ఎస్. ఫోటో, రేడియో, పియానోలకు ఎస్.

రాయడం వచ్చాక కూడా వాడేటప్పుడు మన తెలుగు అడ్డుపడుతుంది. 'నీళ్లు వచ్చాయి', 'పాలు విరిగాయి' అంటాం. మనకు అవి బహువచనాలు. ఇంగ్లీషులో వాటర్, మిల్క్ ఏకవచనాలే, వాటి పక్కన 'ఆర్' కాదు, 'ఈజ్' రావాలి. లగేజ్, ఫర్నిచర్, హోంవర్క్‌లకూ ఎస్ చేర్చకూడదు. లెక్క చెప్పాల్సి వస్తే 'టూ పీసెస్ ఆఫ్ లగేజ్' అనాలి.

ఎక్కువమంది తప్పేది మరోచోట. చేతిలో ఉన్నది 'టెన్ రుపీస్', కానీ ఆ నోటు 'టెన్-రూపీ నోట్'. మనం 'పది రూపాయల నోటు' అని బహువచనం వాడతాం కాబట్టి అక్కడా ఎస్ పెట్టేస్తాం. సంఖ్యతో కలిసి మరో నామవాచకానికి విశేషణంగా నిలిచిన మాటకు ఎస్ ఉండదు. 'ఐదేళ్ల పిల్లవాడు' కూడా అంతే: 'ఫైవ్-ఇయర్-ఓల్డ్ బాయ్'. 'నా స్నేహితుల్లో ఒకడు' అనేటప్పుడు మాత్రం ఎస్ మరవకండి: 'వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్'.

బహువచనం కోసం ఎస్ ముందు అపాస్ట్రఫీ, అంటే పైన పెట్టే కామా లాంటి గుర్తు (’), పెట్టకండి. అలా పెడితే 'పుస్తకాలు' కాస్తా 'పుస్తకం యొక్క' అయిపోతుంది.

ఆశీస్సులతో,
మీ తాతయ్య