కొత్త రకం కంప్యూటర్ వచ్చింది, మన సాఫ్ట్‌వేర్ దాని మీదికి వెళ్లాలా? అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ నడుపుతున్నాను. రైసు మిల్లులకు, పలాస జీడిపప్పు వ్యాపారులకు బిల్లింగు, స్టాకు ప్రోగ్రాములు రాసిస్తాం. ఈమధ్య, మామూలు ఇంటెల్ రకం కాకుండా ఆర్మ్ అనే వేరే రకం ప్రాసెసర్ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్‌లు మా ఖాతాదారుల ఇళ్లకూ చేరుతున్నాయి. ఎక్కువగా బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఉద్యోగం చేసే పిల్లలు కొని పంపినవే. వీటికి సపోర్ట్ ఇవ్వాలా వద్దా అన్నప్పుడల్లా తోటి డెవలపర్ల నోట కొన్ని మాటలు తప్పకుండా వస్తాయి. నా మటుకు ఒకటే లెక్క: కొత్త మిషన్ మీద నడిచేలా కోడ్‌ను సిద్ధంగా ఉంచుకోవచ్చు గానీ, నడుస్తుందని మాట ఇవ్వడం మాత్రం ఆ మిషన్ చేతిలోకి వచ్చాకే.

అపోహ: వాడేవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు, మనకెందుకు?

వాస్తవం: ఏ నూటికి అన్నది ముందు తేలాలి. ప్రపంచం మొత్తం లెక్కతో మనకు పని లేదు. మన ఖాతాదారుల్లో ఎవరు మారుతున్నారో చూసుకోవాలి. ఏటా మెయింటెనెన్స్ సొమ్ములో పెద్ద వాటా కట్టే మిల్లు ఒక్కటి మారినా మనకు అదే పెద్ద ప్లాట్‌ఫారం. ఇంకో సంగతి. ఫైర్‌ఫాక్స్ ఓఎస్ అనే ఫోన్ ఆపరేటింగ్ సిస్టంతో 2014లో ఇంటెక్స్ సంస్థ రూ.1,999కే ఫోన్ తెచ్చింది, అది నిలబడలేదు. కానీ అదే కోడ్‌లోంచి కాయ్‌ఓఎస్ అనే ఇంకో సిస్టం పుట్టింది, 2017లో జియోఫోన్‌లోకి వచ్చింది. మరుసటి ఏడాది సెప్టెంబరుకి దాని మీదికి వాట్సాప్ కూడా వచ్చింది. రెండింటిలోనూ యాప్‌లు హెచ్‌టీఎంఎల్, జావాస్క్రిప్ట్‌లతోనే రాసేవారు కాబట్టి, మొదటిదాని కోసం నేర్చుకున్నది వృథా పోలేదు.

అపోహ: ముందు వెళ్లినవాడిదే మార్కెట్.

వాస్తవం: విండోస్ ఆర్‌టీని తలుచుకోండి. 2012లో ఆర్మ్ ప్రాసెసర్ల కోసం మైక్రోసాఫ్ట్ తెచ్చింది. పాత డెస్క్‌టాప్ ప్రోగ్రాములేవీ దాని మీద నడిచేవి కావు. మరుసటి ఏడాదికే సర్ఫేస్ ఆర్‌టీ స్టాకు మీద ఆ సంస్థ 90 కోట్ల డాలర్ల నష్టం రాసుకుంది. ఆ దెబ్బను మైక్రోసాఫ్ట్ తట్టుకుంది. దాన్ని నమ్మి యాప్ రాసిన ఇద్దరు మనుషుల సంస్థకు మాత్రం ఆ ఏడాది జీతాలు ఎవరిస్తారు?

అపోహ: ఇప్పుడు ఎమ్యులేషన్ (ఒక రకం ప్రాసెసర్ కోసం రాసినదాన్ని ఇంకో రకం మీద నడిపే ఏర్పాటు) ఉంది. మనం చేయాల్సిందేమీ లేదు.

వాస్తవం: దీని దగ్గరే నేను ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఇందులో సగం నిజం ఉంది. ఆర్మ్ మీద నడిచే విండోస్ 11, ఇంటెల్ కోసం రాసిన 32, 64 బిట్ల ప్రోగ్రాములను రెంటినీ అనువదించుకుని నడుపుతుంది. 2024లో వచ్చిన ప్రిజమ్ అనే కొత్త అనువాదకంతో వేగం కూడా పెరిగింది. మా బిల్లింగు ప్రోగ్రామ్ ఒక్క లైను మార్చకుండానే తెరుచుకుంటుంది, బిల్లు వస్తుంది, రిపోర్టు వస్తుంది. చిక్కంతా కాటా దగ్గర.

పలాసలో జీడి పిక్కలను 80 కిలోల బస్తా లెక్కన కొంటారు. లోడు కాటా ఎక్కగానే ఇండికేటర్ నుంచి సీరియల్ కేబుల్ మీదుగా బరువు అంకెలు వస్తుంటాయి, బిల్లులో వాటంతట అవే పడాలి. చేత్తో కొడితే రైతుకూ వ్యాపారికీ తగాదా. ల్యాప్‌టాప్‌కు ఆ తొమ్మిది పిన్నుల పోర్టు ఉండదు కాబట్టి మధ్యలో ఒక యూఎస్‌బీ కన్వర్టర్ పెడతారు. బజార్లో దొరికే చవకరకం కన్వర్టర్‌కు ఇంటెల్ ప్రాసెసర్ల కోసం చేసిన డ్రైవరే (విండోస్ చేత పరికరాన్ని నడిపించే ప్రోగ్రామ్) ఉంటుంది. ఎమ్యులేషన్ మామూలు ప్రోగ్రాములను నడుపుతుంది గానీ, విండోస్ గుండెకాయ అయిన కెర్నల్‌లో కూర్చునే డ్రైవర్లను నడపదు. అవి ఆర్మ్ కోసమే తయారై ఉండాలి. డివైస్ మేనేజర్‌లో పసుపు త్రికోణం, బిల్లులో బరువు సున్నా. "పాతదాని మీద వచ్చింది, దీని మీద రాదేటి బాబూ?" అని కొట్టు యజమాని అడిగితే డ్రైవర్ల సంగతి చెప్పి ఏం లాభం?

దీనికి మందు కోడ్‌లో లేదు. విండోస్‌లో ముందే ఉన్న సీరియల్ డ్రైవర్‌తో పనిచేసే ప్రామాణిక రకం కన్వర్టర్ తెప్పిస్తే చాలు, లేదా ఆర్మ్ డ్రైవర్ ఇచ్చే కంపెనీది. డిజిటల్ సంతకం టోకెన్లు, వేలిముద్ర పరికరాల విషయంలోనూ ముందు అడగాల్సింది ఇదే: ఆర్మ్ డ్రైవర్ ఉందా?

అపోహ: సోర్స్ కోడ్ మనదే కదా, కొత్త ప్రాసెసర్ కోసం రీకంపైల్ చేస్తే సరి.

వాస్తవం: సోర్స్ మనదే, అందులో వాడే లైబ్రరీలు (బయటివాళ్లు రాసిన రెడీమేడ్ కోడ్) అన్నీ మనవి కావు. రిపోర్టుల కోసం ఏనాడో కొన్న ఇంటెల్ రకం డీఎల్ఎల్ (లైబ్రరీ ఫైలు)ను పూర్తి ఆర్మ్ ప్రోగ్రామ్ లోడ్ చేసుకోలేదు. 64 బిట్లదైతే ఆర్మ్ కోడ్ పక్కనే ఇంటెల్ కోడ్‌నూ ఉండనిచ్చే ఆర్మ్64ఈసీ పద్ధతిలో కలుపుకోవచ్చు, 32 బిట్లదైతే ఆ దారి కూడా లేదు.

మన భాష వల్ల వచ్చే తంటా ఇంకొకటి. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ మూడేసి బైట్లు, అన్నీ 127 దాటినవే. ఇంటెల్ మీద సీ భాషలో చార్ (ఒక బైటు పట్టే డేటా రకం) మామూలుగా రుణ సంఖ్యలను కూడా పట్టుకుంటుంది, 127 దాటిన బైటు సున్నాకు తక్కువగా కనిపిస్తుంది కాబట్టి, బైటు సున్నా కంటే తక్కువైతే ఇంగ్లిష్ కాదు అని చెక్ రాసే అలవాటు చాలామందికి ఉంది. అదే కోడ్‌ను రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ లాంటి ఆర్మ్ లినక్స్ మిషన్ మీద కంపైల్ చేస్తే చార్ ఎప్పుడూ సున్నాకు తగ్గదు. ఎర్రర్ రాదు, ప్రోగ్రామ్ ఆగదు, బిల్లు మీద పేరు మాత్రం చెత్తచెత్తగా పడుతుంది. ఇలాంటివి బయటపడటమే పోర్టింగ్‌లో (కోడ్‌ను కొత్త రకం మిషన్‌కు మార్చడంలో) నాకు కనిపించే అసలు లాభం. కొత్త మిషన్ ఎవరూ కొనకపోయినా కోడ్ శుభ్రపడుతుంది.

అపోహ: ఒకసారి చేసిస్తే అయిపోయినట్టే.

వాస్తవం: ఇల్లు అలకగానే పండగ కాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ రేట్లు మారాయి. అలాంటి రోజున ఒక్కో రకం మిషన్ కోసం తయారుచేసిన ప్రతి బిల్డునూ మళ్లీ సరిచూసి పంపాలి. ప్లాట్‌ఫారం ఒకటి పెరిగితే ఆ రాత్రి పని కూడా అంత పెరుగుతుంది.

రిస్క్-ఫైవ్ అనే మరో రకం ప్రాసెసర్ డిజైన్ గురించి కాలేజీ పిల్లలు అడుగుతుంటారు. 2010లో బర్క్‌లీలో మొదలైంది, మన మద్రాసు ఐఐటీ శక్తి ప్రాసెసర్లు దాని మీదే తయారయ్యాయి. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 లినక్స్‌లో దానికి అధికారికంగా చోటు దొరికింది. బోర్డు కొనక్కర్లేదు, క్యూఈఎంయూ అనే ఎమ్యులేటర్‌తో మామూలు ల్యాప్‌టాప్‌లోనే ప్రయత్నించవచ్చు. నేర్చుకోండి. కొట్టు వ్యాపారికి అమ్మే ఆలోచన మాత్రం ఇప్పుడే వద్దు.

మేం కొటేషన్‌లోనే రాసి ఇస్తున్నాం: ఆర్మ్ విండోస్ మీద బిల్లింగు, రిపోర్టులు నడుస్తాయి, కాటా మేం చెప్పిన కన్వర్టర్‌తోనే, టోకెన్‌కు ఆర్మ్ డ్రైవర్ లేకపోతే పాత మిషన్ ఉంచుకోవాలి. ఇంకే కొత్త రకం మీద కావాలన్నా, ఆ మిషన్‌ను రెండు వారాలు మా దగ్గర ఉంచమంటాం, టెస్టింగుకు విడిగా డబ్బు అడుగుతాం. ఆ మాటతో చాలామంది ఆగిపోతారు. ఆగనివాళ్ల పని ముందు పట్టుకుంటాం.