కారం తనంతట తనే దూరుతుంది, ఉప్పుకు తోడు కావాలి

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి సీజన్ నడిచినన్నాళ్లూ హమాలీల చేతులు మండుతూనే ఉంటాయి. తేజ రకం బస్తాలు దించినరోజు ఎన్ని నీళ్లు పోసి కడిగినా లాభం ఉండదు. చపాటా కొంత నయం: 2025లో భౌగోళిక గుర్తింపు దక్కిన ఈ వరంగల్ మిర్చికి పేరొచ్చింది ఎర్రటి రంగు వల్ల, కారం వల్ల కాదు.

మిర్చిలో మంట పుట్టించే పదార్థం క్యాప్సైసిన్. దాని అణుభారం 305. మనం తినే ఉప్పులోని సోడియం అణుభారం 23. చిన్నది సులువుగా దూరుతుందని, పెద్దది ఆగిపోతుందని అనుకుంటాం కదా, కణం దగ్గర జరిగేది దీనికి తలకిందులు. క్యాప్సైసిన్ కణత్వచాన్ని, అంటే కణం చుట్టూ ఉండే పొరను, దాటి లోపలికి వెళ్లిపోతుంది, సోడియం గడప దగ్గరే నిలబడుతుంది.

ఎందుకంటే ఆ పొర నడిమి భాగమంతా నూనె. ఫాస్ఫోలిపిడ్ అనే కొవ్వు అణువులు రెండు వరసలుగా, తోకలు లోపలికీ తలలు బయటికీ పెట్టి నిలబడతాయి. తలలకు నీళ్లంటే ఇష్టం, తోకలకు పడదు. మొత్తం మందం 5 నానోమీటర్లకు కాస్త అటూ ఇటూ, అంటే తలవెంట్రుక మందంలో సుమారు పదివేలో వంతు. నూనెలో కరిగేవి, ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ లాంటి వాయువులు ఎవరినీ అడగకుండా దాటిపోతాయి. సోడియంకు విద్యుదావేశం ఉంది, దాని చుట్టూ నీటి అణువులు అంటుకొని ఉంటాయి. వాటిని వదిలించుకొని నూనెలోకి దిగడం దానివల్ల కాదు.

నూనెలో కరిగే క్యాప్సైసిన్ అలా నరాల కొసల్లోకి దూరి, టీఆర్‌పీవీ1 అనే ప్రోటీన్ తలుపును లోపలి వైపు నుంచి పట్టుకొని తెరుస్తుంది. కాల్షియం, సోడియం లోపలికి దూకుతాయి, ‘కాలుతోంది’ అని మెదడుకు కబురు పోతుంది. మామూలుగా ఆ తలుపు తెరుచుకునేది 43 డిగ్రీల వేడికి (మే నెల మధ్యాహ్నం వరంగల్‌లో ఉండే వేడే!). 1997లో ఈ ప్రోటీన్‌ను గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. చేతులు మండితే ముందు వంటనూనె రుద్ది తుడిచి, ఆ తర్వాత సబ్బుతో కడగాలి. నోరు మండితే నీళ్లకంటే పెరుగో సల్లో మేలు, పాలలోని కేసీన్ క్యాప్సైసిన్‌ను పట్టుకుపోతుంది.

ఇక సోడియం సంగతి. ప్రాణాలు దీని మీదే ఆధారపడి ఉన్నాయి కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

చిన్న పేగు గోడ కణాల మీద ఎస్‌జీఎల్‌టీ1 అనే ప్రోటీన్ ఉంటుంది. రెండు సోడియంలు, ఒక గ్లూకోజ్ వచ్చి కూర్చుంటేనే అది మడత తిరిగి లోపలి వైపు తెరుచుకుంటుంది. గ్లూకోజ్ అవతలి వైపునుంచి రక్తంలోకి పోతుంది. సోడియంను మరో పంపు బయటికి తోస్తుంది: ఒక ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) ఖర్చుకు మూడు సోడియంలు బయటికి, రెండు పొటాషియంలు లోపలికి. కణంలో సోడియం ఎప్పుడూ తక్కువగా ఉండటం ఈ పంపు చలవే. అందుకే పేగులోని సోడియం లోపలికి రావడానికి అంత తొందరపడుతుంది. ఉప్పు, చక్కెర పోయిన దారినే నీళ్లూ పోతాయి.

కలరా విషం పేగు కణాల్లో క్లోరైడ్ తలుపులను తెరిచిపెడుతుంది. క్లోరైడ్, దాని వెంట సోడియం, ఆ వెంట నీళ్లు పేగులోకి కారిపోతాయి. ఎస్‌జీఎల్‌టీ1 జోలికి మాత్రం ఆ విషం పోదు. విరేచనాలకు తాగించే ఉప్పు, గ్లూకోజ్ నీళ్లు, అంటే ఓఆర్‌ఎస్, బతికిస్తున్నది ఈ ఒక్క తలుపును నమ్ముకొనే. 1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ నీళ్లు తాగించినప్పుడు మరణాలు 30 శాతం నుంచి 3.6 శాతానికి దిగాయి.

ఇప్పటి ఓఆర్‌ఎస్ పొట్లంలో లీటరుకు ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు. అణువుల లెక్కన చూస్తే సోడియం 75, గ్లూకోజ్ 75 మిల్లీమోల్స్, సరిగ్గా సమానం. ద్రావణం మొత్తం గాఢత, అంటే లీటరులో కరిగి ఉన్న అన్ని రేణువుల లెక్క, 245 మిల్లీ ఆస్మోల్స్, రక్తానిది 290 దరిదాపుల్లో. పలచగా ఉన్న వైపు నుంచి చిక్కగా ఉన్న వైపుకు నీళ్లు పోతాయి కాబట్టి ఈ తేడా కావాలనే పెట్టింది.

ఇళ్లలో తప్పు జరిగేది ఇక్కడే. లీటరు పొట్లాన్ని ఒక గ్లాసు, అంటే 200 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపారనుకోండి. గాఢత 1,225 అవుతుంది, రక్తానికి నాలుగింతలు. నీళ్లు పేగులోంచి రక్తంలోకి పోవాల్సింది పోయి, రక్తంలోంచి పేగులోకి వస్తాయి. విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయి, పిల్లల రక్తంలో సోడియం ప్రమాదకరంగా పెరగవచ్చు. చిన్న పొట్లాలు 200 మిల్లీలీటర్లకనే వేరుగా వస్తాయి, పొట్లం మీది అంకె చదవకుండా కత్తిరించొద్దు. కూల్‌డ్రింకుదీ ఇదే తంటా: చక్కెర లీటరుకు వంద గ్రాముల పైమాటే, సోడియం నామమాత్రం. ఓఆర్‌ఎస్ పేరు పెట్టుకొని అమ్మిన తీపి పానీయాలు కూడా ఈ కోవలోవే. హైదరాబాద్ పిల్లల డాక్టరు ఒకరు ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడొద్దంది. ఇంతకాలం ఎందుకు ఊరుకున్నారో!

పొట్లం దొరక్కపోతే, కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో తలగొట్టిన ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు. కుప్పగా తీస్తే లెక్క తప్పుతుంది. పిల్లలు కక్కితే పది నిమిషాలు ఆగి మళ్లీ చెంచాతో పట్టాలి. కలిపిన నీళ్లు 24 గంటలు దాటితే పారబోయాలి. పిల్లలు మత్తుగా పడి ఉన్నా, తాగలేకపోయినా ఇంట్లో ఆలస్యం చేయకుండా దవాఖానకు తీసుకెళ్లాలి.

గంజి, అంబలి కూడా ఇదే దారిలో పనిచేస్తాయి. పిండిపదార్థం పేగులో కొద్దికొద్దిగా గ్లూకోజ్‌గా తెగుతుంది కాబట్టి గాఢత ఒక్కసారిగా పెరగదు. కాకపోతే ఉప్పు వేయని గంజిలో గ్లూకోజ్ ఉన్నా, దాన్ని లోపలికి తీసుకెళ్లే సోడియం ఉండదు.