రూటర్ కమాండ్ లైన్‌లో ఫైళ్లు, కాన్ఫిగరేషన్లు: అపోహలు - వాస్తవాలు

హనుమకొండ, కాజీపేట, నర్సంపేట ప్రాంతాల కాలేజీల్లో, ఆసుపత్రుల్లో స్విచ్‌లు, రూటర్ల నిర్వహణ చూడడం నా వృత్తి. కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలు ఐపీ అడ్రస్‌లు, వీల్యాన్‌లు (ఒకే స్విచ్‌ను వేర్వేరు నెట్‌వర్క్‌లుగా విభజించే పద్ధతి) చక్కగా నేర్చుకొని వస్తున్నారు గానీ, తాము టైప్ చేసిన కమాండ్ పరికరంలో ఏ చోట నిలుస్తుందో చెప్పమంటే తడబడుతున్నారు. నేను చూసిన నష్టాల్లో చాలా భాగం ఆ తడబాటు వల్ల వచ్చినవే. ఇక్కడి ఉదాహరణలు ప్రధానంగా సిస్కో కంపెనీ పరికరాలను నడిపే ఐఓఎస్ సాఫ్ట్‌వేర్‌కు చెందినవి.

అపోహ: కమాండ్ పనిచేసిందంటే సేవ్ అయినట్లే.

వాస్తవం: మనం ఇచ్చే మార్పుల్లో దాదాపు అన్నీ రన్నింగ్-కాన్ఫిగ్‌లోకి (ప్రస్తుతం నడుస్తున్న కాన్ఫిగరేషన్‌లోకి) వెళ్తాయి; అది ర్యామ్‌లో ఉంటుంది, కరెంటు పోతే దానితోపాటే పోతుంది. పరికరం మళ్లీ లేచినప్పుడు చదివేది ఎన్‌వీర్యామ్‌లో (కరెంటు పోయినా చెరగని మెమరీలో) ఉన్న స్టార్టప్-కాన్ఫిగ్‌ను మాత్రమే. వానాకాలపు సాయంత్రాల్లో కరెంటు పోయి, యూపీఎస్ బ్యాటరీ కూడా చేతులెత్తేసే చోట్ల, "కాపీ రన్నింగ్-కాన్ఫిగ్ స్టార్టప్-కాన్ఫిగ్" ఇవ్వకుండా సీటు నుంచి లేవకూడదు.

అపోహ: పొరపాటు జరిగితే స్టార్టప్-కాన్ఫిగ్‌ను రన్నింగ్-కాన్ఫిగ్‌లోకి కాపీ చేస్తే చాలు, పాత స్థితి తిరిగి వస్తుంది.

వాస్తవం: అన్నిటికంటే ప్రమాదకరమైన నమ్మకం ఇదేనని నా అభిప్రాయం, ఎందుకంటే సగం సందర్భాల్లో ఇది నిజమైనట్లే కనిపిస్తుంది. ఈ కాపీ పాత ఫైలులోని వరుసలను ఒక్కొక్కటిగా, మనమే టైప్ చేస్తున్నట్లుగా, నడుస్తున్న కాన్ఫిగరేషన్ మీద కలుపుతుంది. అంతేగాని ఉన్నదాన్ని చెరిపి దాని స్థానంలో కూర్చోదు. ఇంటర్‌ఫేస్‌కు ప్రధాన ఐపీ అడ్రస్ ఒక్కటే ఉంటుంది కాబట్టి అది పాతదానికి మారుతుంది, చూసేవారికి నమ్మకం కుదురుతుంది. మనం పొరపాటున చేర్చిన యాక్సెస్-లిస్ట్ (ఏ ట్రాఫిక్‌ను అనుమతించాలో, ఏది ఆపాలో చెప్పే జాబితా) వరుస మాత్రం పాత ఫైలులో లేదు గనుక, దాన్ని తీసేయమని చెప్పేది ఏదీ లేక అలాగే ఉండిపోతుంది. అదేవిధంగా, పొరపాటున ఒక పోర్టును షట్‌డౌన్ చేశామనుకుందాం. పనిచేస్తున్న పోర్టుకు "నో షట్‌డౌన్" అనే మాటను ఐఓఎస్ సాధారణంగా ఫైలులో రాయదు కాబట్టి, పాత ఫైలును ఎన్నిసార్లు కలిపినా ఆ పోర్టు లేవదు.

నిజంగా వెనక్కి వెళ్లాలంటే "కాన్ఫిగర్ రీప్లేస్" వాడాలి. అది రెండు కాన్ఫిగరేషన్లను పోల్చి, లేనివాటిని చేర్చి, అదనంగా ఉన్నవాటిని తొలగిస్తుంది. భూపాలపల్లిలోని రూటర్‌ను హనుమకొండలో కూర్చొని మారుస్తున్నప్పుడు నేను ముందుగా సేవ్ చేసి, "రీలోడ్ ఇన్ 10" ఇచ్చి మొదలుపెడతాను: మార్పు వల్ల నా కనెక్షనే తెగిపోతే, పది నిమిషాల్లో రూటర్ రీస్టార్ట్ అయి సేవ్ చేసిన పాత కాన్ఫిగరేషన్‌తో లేస్తుంది, మార్పు సరిగ్గా కుదిరితే "రీలోడ్ క్యాన్సిల్" ఇచ్చి అప్పుడు సేవ్ చేస్తాను. జునిపర్ అనే మరో కంపెనీ పరికరాల్లో "కమిట్ కన్ఫర్మ్‌డ్" ఇదే భద్రతను రీస్టార్ట్ లేకుండా ఇస్తుంది. మార్పును ఖాయం చేస్తూ మళ్లీ కమిట్ చేయకపోతే, వేరే గడువు చెప్పనంతవరకు 10 నిమిషాలకు అది తనంతట తానే వెనక్కి వెళ్తుంది.

అపోహ: "రైట్ ఎరేజ్" ఇస్తే స్విచ్ కొత్తదానిలా అవుతుంది.

వాస్తవం: ఆ కమాండ్ స్టార్టప్-కాన్ఫిగ్‌ను చెరుపుతుంది. వీల్యాన్‌ల వివరాలు మాత్రం సిస్కో వారి చాలా క్యాటలిస్ట్ స్విచ్‌లలో ఫ్లాష్ మెమరీలోని వీల్యాన్.డాట్ (vlan.dat) అనే వేరే ఫైలులో ఉంటాయి. ఒక కాలేజీలో పాత ల్యాబ్ స్విచ్‌ను ఇలా "శుభ్రం" చేసి మరో భవనంలో బిగించాం. అందులో మిగిలిన వీటీపీ (వీల్యాన్ జాబితాను స్విచ్‌ల మధ్య పంచే పద్ధతి) డొమైన్ పేరు అక్కడిదే కావడం, జాబితా ఎంత కొత్తదో చెప్పే రివిజన్ సంఖ్య అక్కడి స్విచ్‌లకంటే ఎక్కువ కావడంతో, దాని పాత వీల్యాన్ జాబితా మొత్తం నెట్‌వర్క్‌కు పాకి, అక్కడి వీల్యాన్‌లు మాయమయ్యాయి. ఆ బృందంలో నేనూ ఉన్నాను. అప్పటినుంచి వీల్యాన్.డాట్‌ను కూడా తొలగించి, రీలోడ్ చేసి, "షో వీటీపీ స్టేటస్" చూడనిదే పాత స్విచ్‌కు కేబుల్ తగిలించను.

అపోహ: ఐఓఎస్ ఇమేజ్ ఫైలును (ఐఓఎస్ సాఫ్ట్‌వేర్ ఉండే ఫైలును) తొలగించినా నెట్‌వర్క్ నడుస్తోంది కాబట్టి అది అవసరం లేని ఫైలు.

వాస్తవం: చాలా రూటర్లలో ఇమేజ్ ఇప్పటికే ర్యామ్‌లోకి ఎక్కి ఉంటుంది, అందుకే నడుస్తుంది. తర్వాతి రీలోడ్‌లో బూట్ కావడానికి వేరే ఇమేజ్ దొరక్కపోతే రోమ్‌మాన్ (ఐఓఎస్ లేకుండా వచ్చే ప్రాథమిక బూట్ ప్రోగ్రామ్) ప్రాంప్ట్ దగ్గర ఆగిపోతుంది. తొలగించే ముందు "షో వెర్షన్", "షో బూట్" చూడాలి, కొత్త ఇమేజ్‌ను "వెరిఫై"తో సరిచూడాలి.

అపోహ: పాస్‌వర్డ్‌లు గజిబిజి అక్షరాల్లో ఉన్నాయి గనుక కాన్ఫిగరేషన్ ఫైలును వాట్సాప్ గ్రూపులో పెట్టవచ్చు.

వాస్తవం: పెట్టకూడదు. కాన్ఫిగరేషన్‌లో 7 అనే అంకెతో కనిపించే టైప్ 7 పాస్‌వర్డ్‌ను క్షణాల్లో విప్పవచ్చు. టైప్ 8, టైప్ 9 హ్యాష్‌లు (వెనక్కి విప్పలేని రూపాలు) ఎంతో గట్టివి, అయినా పరికరాన్ని దూరం నుంచి గమనించే ఎస్ఎన్ఎంపీకి పాస్‌వర్డ్‌లా పనిచేసే కమ్యూనిటీ మాట సాధారణంగా చదవగలిగేలాగే ఉంటుంది.

అపోహ: టెక్స్ట్ బ్యాకప్ ఉంటే పరికరం మొత్తం చేతిలో ఉన్నట్లే.

వాస్తవం: పిడుగు వల్ల కాలిపోయిన రూటర్ స్థానంలో కొత్తది పెట్టి, పాత కాన్ఫిగరేషన్ అంతా పేస్ట్ చేసినా ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతి) రాదు, ఎందుకంటే దానికి కావలసిన ఆర్ఎస్ఏ ప్రైవేట్ కీ (రహస్య ఎన్‌క్రిప్షన్ కీ) రన్నింగ్-కాన్ఫిగ్‌లో కనిపించదు, బ్యాకప్‌లోకీ రాదు. పరికరానికి నేరుగా తగిలించే కన్సోల్ కేబుల్‌తో వెళ్లి, హోస్ట్‌నేమ్, డొమైన్ పేరు ఉన్నాయో లేదో చూసుకొని, "క్రిప్టో కీ జనరేట్ ఆర్ఎస్ఏ" ఇచ్చి, సేవ్ చేసి రావాలి.