ఊలు పండ్ల అల్లిక: అపోహలు - వాస్తవాలు

ఊలుతో ఆపిల్, నారింజ, అరటి వంటి చిన్న అలంకరణ పండ్లను అల్లడం నేర్చుకోవడానికి వచ్చేవారిలో చాలామంది మొదటి పండు దగ్గరే నిరాశపడి ఆగిపోతుంటారు. వారి చేతుల్లో నేర్పు లేక కాదు. ఎవరో చెప్పగా మనసులో నాటుకుపోయిన కొన్ని అభిప్రాయాలే వారిని తప్పుదారి పట్టిస్తున్నాయని ఇన్నేళ్ల అనుభవం మీద నాకు అర్థమైంది. తరచూ ఎదురయ్యే అలాంటి అపోహలను ఇక్కడ వివరిస్తున్నాను. వాటిలో అన్నిటికన్నా పెద్దదానితోనే మొదలుపెడతాను.

అపోహ: సంచిలా అల్లి, దండిగా దూది కూరితే పండు దానంతట అదే గుండ్రంగా వస్తుంది.

వాస్తవం: పండు ఆకారం దూదిలో లేదు, కుట్ల లెక్కలో ఉంది. గొట్టంలా తిన్నగా అల్లి, రెండు కొసలనూ దారంతో బిగించి, లోపల ఎంత కూరినా అది చిన్న దిండులా తయారవుతుందే తప్ప పండు కాదు. పైగా బిగించిన చోట మడతలు పడతాయి, మధ్యలో అల్లిక సాగి కుట్ల మధ్య సందులు తెరుచుకుంటాయి. ఏ చుట్టులో ఎన్ని కుట్లు పెంచుతున్నాం, ఎక్కడ పెంచడం ఆపుతున్నాం, ఎంత త్వరగా తగ్గిస్తున్నాం అన్న మూడు విషయాలే ఆకారాన్ని నిర్ణయిస్తాయి. దూది ఆ ఆకారాన్ని నిలబెడుతుంది, అంతే.

దీనికి మూలం ఒక్క కుట్టు కొలతలో ఉంది. సూదులతో అల్లిన నిట్ కుట్టు చతురస్రంగా ఉండదు. వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ. మధ్యస్థ మందమున్న ఊలులో పది సెంటీమీటర్ల వెడల్పుకు సుమారు 22 కుట్లు పడితే, అదే పది సెంటీమీటర్ల ఎత్తుకు సుమారు 30 వరుసలు పడతాయి. వృత్తం బల్లపరుపుగా పరుచుకోవాలంటే వ్యాసార్థం పెరిగిన ప్రతిసారీ చుట్టుకొలత దానికి 6.28 రెట్లు పెరగాలి కాబట్టి, ఈ కొలతల ప్రకారం ఒక్కో చుట్టుకు నాలుగున్నర కుట్లు, అంటే రెండు చుట్లకు కలిపి తొమ్మిది కుట్లు పెరగాలి. అందుకే చుట్టు విడిచి చుట్టు ఎనిమిది కుట్లు పెంచితే అడుగు దాదాపు చదునుగా వస్తుంది. మూడు చుట్లకు ఒకసారి పెంచితే గిన్నెలా లోతు తిరుగుతుంది. పెంచడం ఆపేస్తే పక్కలు నిటారుగా లేస్తాయి. క్రోషే కొక్కెంతో అల్లే కుట్టు ఎత్తు, వెడల్పు దాదాపు సమానం కాబట్టి అక్కడ చుట్టుకు ఆరు కుట్ల చొప్పున పెంచుతారు. ఆ లెక్కనే సూదుల మీద అనుసరిస్తే అంచు కుచ్చిళ్లు పడుతుంది. క్రోషే నుంచి సూదుల అల్లికకు వచ్చినవారు చేసే పొరపాటు చాలాసార్లు ఇదే.

ఒక ఉదాహరణ చూద్దాం. బిగువుగా అల్లినప్పుడు పది సెంటీమీటర్లకు 26 కుట్లు, 36 చుట్లు వస్తున్నాయనుకుందాం. నడుము దగ్గర 40 కుట్లున్న పండు చుట్టుకొలత 15.4 సెంటీమీటర్లు, అంటే అడ్డుకొలత సుమారు ఐదు సెంటీమీటర్లు. అడుగు నుంచి తొడిమ దాకా పక్కవాటుగా కొలిస్తే చుట్టుకొలతలో సగం, అంటే 7.7 సెంటీమీటర్లు రావాలి. దానికి 28 చుట్లు కావాలి. నలభైలో సగం ఇరవైయే కదా అని ఇరవై చుట్లతో ముగిస్తే బంతికి బదులు అణిగిన పండు వస్తుంది. నిజానికి కమలాపండుకు ఆ అణిగిన ఆకారమే బాగుంటుంది. అవే 40 కుట్ల మీద 34 చుట్లు అల్లి, చివర మిగిలిన ఆరు కుట్ల మీద పెంచకుండా, తగ్గించకుండా రెండు చుట్లు వేసి మూస్తే ముక్కు తేలిన నిమ్మపండు వస్తుంది.

ఆపిల్ అసలు బంతి ఆకారంలోనే ఉండదు. దాని వెడల్పైన భాగం నడుముకు కాస్త పైన ఉంటుంది. కాబట్టి అడుగు నుంచి నిదానంగా పెంచుకుంటూ వెళ్లి, పైన త్వరత్వరగా తగ్గించాలి. ఆ తర్వాత తొడిమ దగ్గరి గుంట సంగతి. బలమైన దారం ఎక్కించిన పొడవాటి సూదిని పైనుంచి అడుగుకు, అడుగునుంచి పైకి రెండు మూడు సార్లు దించి, వేలితో అదిమి పట్టుకొని దారాన్ని లాగి ముడి వేస్తేనే గుంట పడుతుంది. అంతవరకు ఎర్రటి బంతిలా ఉన్న వస్తువు ఆ ఒక్క లాగుడుతో ఆపిల్‌గా మారడం ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

అపోహ: ఊలు ఉండ లేబుల్ మీద రాసిన కొలత సూదినే వాడాలి.

వాస్తవం: ఆ కొలత ఒంటి మీద మెత్తగా వేలాడవలసిన దుస్తుల కోసం సూచించింది. దూది కూరే వస్తువుకు అల్లిక అంతకన్నా బిగువుగా ఉండాలి. లేబుల్ 4 మిల్లీమీటర్ల సూది అని చెబితే నేను 3 లేదా 3.25 మిల్లీమీటర్ల సూది తీసుకుంటాను. నేను అల్లిన మొదటి నారింజ సూదుల మీద ఉన్నంతసేపూ ముచ్చటగానే కనిపించింది. దూది కూరగానే ప్రతి సందులోంచీ తెల్లటి నలుసులు తొంగిచూశాయి, వాటిని లోపలికి నెట్టిన కొద్దీ సందులు ఇంకా పెద్దవయ్యాయి. అప్పటినుంచి ముందుగా ఒక చిన్న ముక్క అల్లి, దాన్ని బొటనవేలి మీద సాగదీసి చూస్తున్నాను. గోరు స్పష్టంగా కనిపిస్తే ఇంకా సన్నటి సూదికి మారతాను. అయితే మరీ సన్నటి సూదితో దారం పోగులు విడిపోతాయి, వేళ్లు నొప్పి పుడతాయి. సూది మొన కుట్టులోకి ఇబ్బంది లేకుండా దూరేంత వదులు ఉండాలి.

అపోహ: చిన్న వస్తువు కాబట్టి కొత్తగా నేర్చుకునేవారికి ఇదే అన్నిటికన్నా తేలిక.

వాస్తవం: ఊలు తక్కువ పడుతుందన్నది నిజమే. ఐదు సెంటీమీటర్ల పండుకు నాలుగైదు గ్రాములు సరిపోతుంది, కాబట్టి 50 గ్రాముల ఉండతో పది పండ్ల దాకా అల్లవచ్చు. కానీ రెండు వైపులా మొనలున్న మూడు నాలుగు సూదుల మీద ఆరో ఎనిమిదో కుట్లు పంచుకొని చుట్టు మొదలుపెట్టడం అల్లికలో కష్టమైన పనుల్లో ఒకటి. మొదటి రెండు మూడు చుట్లలో సూదులు జారతాయి, అల్లిక మెలి తిరుగుతుంది. స్వెటర్లు అల్లిన చేతులు కూడా అక్కడ తడబడతాయి. కొత్తవారు రెండు సూదులతో చదునైన ముక్కగా అల్లి, పక్కలు కలిపి కుట్టుకోవడం తప్పేమీ కాదు. అంచు కుట్టుకు లోపలున్న అడ్డు దారాన్ని ఒకసారి ఇటు, ఒకసారి అటు అందుకుంటూ కుట్టి లాగితే కుట్టుగీత కనిపించదు.

అపోహ: నిట్ వైపు (అల్లికలో నునుపైన వైపు) అసలు ముఖం, పర్ల్ వైపు (దాని వెనుక ఉండే గరుకైన వైపు) లోపలికి పోవలసిందే.

వాస్తవం: అది దుస్తుల సంప్రదాయం. నారింజ తొక్క మీది చిన్న చిన్న గరుకు చుక్కలకు పర్ల్ వైపును మించిన పోలిక లేదు. నా నారింజలన్నిటికీ నేను అదే బయటికి తిప్పుతాను. రాస్ప్‌బెర్రీ వంటి పండ్లకు ఒకే కుట్టులో మూడు కుట్లు పుట్టించి, పక్కనున్న మూడింటిని ఒకటిగా కలిపే గింజల అల్లిక నప్పుతుంది. నునుపైన చెర్రీకి మాత్రం నిట్ వైపే సరి. కుట్లు తగ్గించే తీరు కూడా చర్మం మీద గీతలుగా కనిపిస్తుంది. ప్రతి చుట్టులో ఒకే చోట తగ్గిస్తే నిలువు గీత తేలుతుంది. అరటిపండు అంచులకు అది కావలసిందే, ఆపిల్‌కు మాత్రం అక్కరలేదు. అందువల్ల ఆపిల్‌లో తగ్గించే చోటును చుట్టు చుట్టుకూ కాస్త పక్కకు జరపాలి. ఇక అరటి వంపు కోసం బయటి వైపు కుట్ల మీద మాత్రమే సగం వరుసలు అల్లి వెనక్కి తిరగాలి; ఆ వైపు పొడవు పెరిగి పండు వంగుతుంది.

అపోహ: ఊలు పేరుతో దొరికేదంతా గొర్రె ఊలే; ఆక్రిలిక్ నకిలీ, దానితో అల్లితే పండు బాగుండదు.

వాస్తవం: ఇందులో రెండు భాగాలూ తప్పే. ఊలు అని మనం పిలిచే దారంలో చాలావరకు ఆక్రిలిక్ ఉంటుంది. అనుమానం వస్తే ఒక చిన్న పోగును పటకారుతో పట్టుకొని, నీళ్ల గిన్నె మీదుగా జాగ్రత్తగా కాల్చి చూడాలి. గొర్రె ఊలు వెంట్రుకలు కాలిన వాసన వేసి, మంట తీయగానే ఆరిపోయి, నలిపితే పొడి అయ్యే బూడిదగా మిగులుతుంది. ఆక్రిలిక్ కరిగి, చల్లారాక గట్టి నల్లపూసలా బిగుసుకుంటుంది. అలంకరణకు రెండూ పనికివస్తాయి. గొర్రె ఊలుకు సాగి మళ్లీ ముడుచుకునే గుణం ఎక్కువ కాబట్టి సందులు తక్కువగా తెరుచుకుంటాయి. ఆ ఊలు పోగుల మీద సన్నని పొలుసులుంటాయి. వేడి, తడి, రాపిడి కలిస్తే అవి ఒకదానికొకటి పెనవేసుకొని గుడ్డ ముడుచుకుపోతుంది, మళ్లీ విడదీయలేం. పీచ్ పండు నూగు కోసం నేను కావాలనే అలా చేస్తాను. ఆక్రిలిక్‌తో ఆ పని జరగదు, కానీ దానికి చిమ్మట పట్టదు. దాని మీద వేడి ఇస్త్రీ పెట్టె మాత్రం ఆనించకూడదు. ఆకులు ఒక్కసారికే జీవం లేక వాలిపోతాయి.

అపోహ: లోపల ఏది కూరినా ఒకటే.

వాస్తవం: ఊలు తుంపులు కూరితే గడ్డలు పైకి తేలుతాయి. బియ్యం, పప్పుగింజలకు పురుగు పడుతుంది. మామూలు దూది తేమకు ముద్దకడుతుంది. పాలియెస్టర్ దూదిని చిటికెడు చిటికెడుగా విడదీసి, ముందు గోడల పక్కన, తర్వాత నడుమ పెట్టడం మంచిది.

రంగు గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఏ ఆపిల్ కూడా ఒకే ఎరుపులో ఉండదు. ఎరుపు, పసుపు సన్నదారాలు రెండింటినీ కలిపి పట్టుకొని అల్లినా, పూర్తయ్యాక కుట్టు మీద కుట్టుగా పసుపు చారలు సూదితో తీర్చినా పండుకు ప్రాణం వస్తుంది. స్ట్రాబెర్రీ గింజలనూ ఇలాగే కుట్టవచ్చు.

అపోహ: ఊలుదే కాబట్టి పసిపిల్లల చేతికి ఇచ్చినా భయం లేదు.

వాస్తవం: మూడేళ్లలోపు పిల్లలకు చెర్రీ, ద్రాక్ష అంత చిన్నవి ఇవ్వనే కూడదు. బొమ్మల భద్రతా పరీక్షలో వాడే గొట్టం లోపలి అడ్డుకొలత 31.7 మిల్లీమీటర్లు, అందులో పూర్తిగా ఇమిడిపోయేదాన్ని గొంతుకు అడ్డుపడే వస్తువుగానే లెక్కిస్తారు. గుండీలు, పూసలు, కాడలో తీగ ఉన్న పండ్లు అల్మరాలోనే ఉండాలి.

అపోహ: కాడ, ఆకు చివర్లో అతికించుకోవచ్చు.

వాస్తవం: జిగురుతో అతికించిన కాడ కొన్నాళ్లకు ఊడి చేతికి వస్తుంది. మూడు కుట్లను రెండు మొనల సూది మీద అల్లి, వెనక్కి తిప్పకుండా సూది రెండో కొసకు జరిపి మళ్లీ అల్లుతూ పోతే సన్నని గుండ్రటి తాడు వస్తుంది. దీనికి ఐ-కార్డ్ అని పేరుపెట్టినవారు 20వ శతాబ్దపు ప్రసిద్ధ అల్లిక ఉపాధ్యాయురాలు ఎలిజబెత్ జిమ్మర్‌మన్. పండు నోరు మూయకముందే కాడను సిద్ధం చేసుకొని, దాని దారపు కొసలు రెండింటినీ పండు లోపలి నుంచి అడుగుకు దించి, గుంట కోసం లాగే దారంతో పాటే ముడి వేయాలి. ఆకు కొసను కూడా అదే దారిలో పంపాలి. మిగిలిన కొసలను ముడి దగ్గరే కత్తిరించకుండా, సూదితో దూదిలోకి పక్కలకు పోనిచ్చి, బయటికి వచ్చిన చోట కాస్త లాగి పట్టుకొని కత్తిరిస్తే అవి లోపలికి జారి కనుమరుగవుతాయి.