శ్రద్ధాంజలి ఫ్లెక్సీలోకి బతికున్నోళ్ళ ఫోటోలు ఎలా వచ్చాయి

తిరుపతిలో కార్పొరేషన్ వాళ్ళు ఫ్లెక్సీలు పీకిన ప్రతిసారీ ఇదే గొడవ. పుట్టినరోజు ఫ్లెక్సీలతో పాటు శ్రద్ధాంజలివి కూడా ట్రాక్టర్లో పడేస్తారు, పదకొండో రోజు కాకముందే మా నాయన ఫోటో చెత్తలో వేశారని ఇంటోళ్ళు ఏడుస్తారు. ఇప్పుడు మళ్ళీ మొదలైంది. ప్లాస్టిక్ ఫ్లెక్సీల బ్యాన్ సంగతి అందరికీ తెలుసు, 2022 ఆగస్టులో ప్రకటించారు, నవంబర్ 1 నుంచి అన్నారు, తర్వాత 2023 జనవరి 26 అన్నారు. నన్నడిగితే శ్రద్ధాంజలి ఫ్లెక్సీలకి అసలు మలుపు అది కాదు, 2009 సెప్టెంబర్.

2వ తేదీ వైఎస్ హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. నేనప్పుడు ఒక డీటీపీ షాపులో చేసేవాణ్ణి, అను అనే తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌లో టైప్ చేసి ఫోటోషాప్‌లోకి తెచ్చుకోవడం, ప్రింటుకి పంపడం, రాత్రంతా అదే పని. మొదట వచ్చినోళ్ళు ఆయన ఫోటో, కన్నీటి నివాళి అని రెండు మాటలు చాలన్నారు, తర్వాత వచ్చినోళ్ళు కింద మా ఫోటో, మా వార్డోళ్ళ ఫోటోలు అన్నారు. పెద్ద లీడర్ కాబట్టి అభిమానం చెప్పుకోవాలనుకున్నారు, అది తప్పనను. కానీ ఆ ఫైలు సిస్టంలో ఉండిపోయింది. ఆ తర్వాత ఏ వీధిలో ముసలామె పోయినా అదే తెరిచి మధ్యలో ఫోటో మార్చేవాళ్ళం, నీలం మబ్బులు, రెండు పక్కల దీపాలు, ఎర్రక్షరాల చుట్టూ తెల్ల అంచు, కింద వరసగా నవ్వుతున్న మొహాలు. ఆమె పేరేమో మిగిలిన జాగాలో.

అంతకుముందు లెటర్‌ప్రెస్‌లో, అంటే అక్షరాలు పేర్చి అచ్చు కొట్టే పాత ప్రెస్సులో, ఇట్లా కుదిరేది కాదు. పెద్దక్షరాలంటే చెక్కతో చేసిన అచ్చులు, అది పోయినోళ్ళ పేరుకే సరిపోయేది. ఫోటో కావాలంటే జింకు బ్లాకు, అంటే ఆ ఫోటోకి లోహపు అచ్చు చేయించాలి, ఖర్చు, అందుకే ఒక్కటే ఫోటో. ఇంకు నలుపు. దూరం నుంచి చూసినా ఎవరో పోయారని తెలిసిపోయేది, ఇప్పుడు దగ్గరికెళ్ళి చదివితే గానీ పుట్టినరోజో చావో తెలీదు, పీకేవాళ్ళకి కూడా తేడా కనపడకపోవడానికి కారణం ఇదే.

కార్పొరేషన్ భయమూ నిజమే, 2019 సెప్టెంబర్‌లో చెన్నైలో బ్యానర్ ఊడొచ్చి మీద పడి స్కూటీ మీదెళ్తున్న అమ్మాయి లారీ కింద పడి చనిపోయింది. అక్కడి మద్రాస్ హైకోర్టే అంతకుముందు 2017లో బ్యానర్ల మీద బతికున్నోళ్ళ ఫోటోలే వద్దంది, ఆ ఆర్డర్ నిలవలేదు గానీ శ్రద్ధాంజలి వరకైనా ఆ మాట మనం పట్టుకోవాల్సింది.

ఇంటోళ్ళని అడిగితే మేమేం చేస్తాం అంటారు, చాలాసార్లు బిల్లు కట్టేది వాళ్ళు కాదు, కింద ఫోటోలున్నోళ్ళు మరి. ఒకాయన మాత్రం వాళ్ళమ్మ పోయినప్పుడు డబ్బులు తనే ఇచ్చాడు, తెల్ల బ్యాక్‌గ్రౌండ్, నల్లక్షరాలు, ఆమె ఫోటో ఒక్కటే, కింద పుట్టిన తేదీ, పోయిన తేదీ. సర్కిల్లో కట్టలేదు, ఇంటి గేటుకి కట్టుకున్నాడు.