వైద్యుల అలసటకూ వైద్యం కావాలి

‘పన్నెండో బెడ్ ఎలా ఉంది?’ వార్డులో రోజూ వినిపించే ప్రశ్నే ఇది. పని తొందరలో అలా అనడం సహజం. కానీ ఆ బెడ్ మీద ఉన్న మనిషి పేరు తెలుసుకోవాలని కూడా అనిపించడం లేదంటే కాస్త ఆగి ఆలోచించాలి. పని ఒత్తిడితో మనసు అలసిపోయే బర్నౌట్ అనే స్థితి చాలాసార్లు ఇలాగే బయటపడుతుంది.

అమెరికా మనస్తత్వవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ 1974లో ఉచిత క్లినిక్‌ల సిబ్బందిలో ఈ స్థితిని వర్ణించారు. పనిని ప్రాణంగా భావించేవారే ఎక్కువగా దీని బారిన పడతారని ఆయన గమనించారు. మనసు పూర్తిగా అలసిపోవడం, రోగుల పట్ల మొద్దుబారిపోవడం, చేసే పనిలో సాధిస్తున్నదేమీ లేదనిపించడం దీని మూడు లక్షణాలని తర్వాత మనస్తత్వవేత్త క్రిస్టినా మస్లాక్ పరిశోధన తేల్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని జబ్బుగా కాక, వృత్తికి సంబంధించిన స్థితిగా వర్గీకరించింది. కాబట్టి ఇది వైద్యుల బలహీనత కానే కాదు.

సొంతంగా చేయగలిగిన వాటిలో నేను నిద్రకే మొదటి స్థానం ఇస్తాను. వరుసగా 17 గంటలు మేలుకున్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నప్పటి స్థాయికి పడిపోతుందని 1997లో ఒక ప్రయోగం చూపింది. ఆ స్థితిలో మందు మోతాదు లెక్కగట్టడం ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. నైట్ డ్యూటీకి ముందే కొంతసేపు పడుకోవాలి. డ్యూటీలో వీలు దొరికితే 20 నిమిషాల కునుకు చాలు. అంతకు మించితే గాఢనిద్రలోకి జారి, లేచాక చాలాసేపు మత్తు వదలదు. కాఫీ ప్రభావం గంటల తరబడి ఉంటుంది కనుక డ్యూటీ రెండో సగంలో దాన్ని మానేయడం మేలు. తెల్లవారాక వాహనం తాము నడపకుండా ఇంటికి చేరితే మరీ మంచిది.

రెండోది, నచ్చిన పని. కొందరికి అది బోధన, కొందరికి పరిశోధన, మరికొందరికి రోగి పక్కన కూర్చుని మాట్లాడటం. తమకు అత్యంత అర్థవంతంగా తోచే పనికి కనీసం 20 శాతం సమయం, అంటే వారంలో సుమారు ఒక రోజు, దక్కుతున్న వైద్యుల్లో బర్నౌట్ బాగా తక్కువగా ఉందని 2009లో వెలువడిన అమెరికా అధ్యయనం ఒకటి తెలిపింది. అలాంటి సమయం కావాలని పై అధికారులను గట్టిగా అడగడానికి మొహమాటపడకూడదు.

చిన్న అలవాట్లూ పనికొస్తాయి. ఒక రోగి దగ్గరి నుంచి మరొకరి దగ్గరికి వెళ్లే ముందు చేతులకు శానిటైజర్ రాసుకోవడానికి 20 నుంచి 30 సెకన్లు పడుతుంది. ఆ కాసేపూ నిదానంగా ఊపిరి వదిలి, తర్వాత చూడబోయే మనిషి పేరు ఒకసారి చదువుకోవచ్చు.

సిబ్బంది కొరత, మితిమీరిన డ్యూటీలు ఎవరి ఊపిరి కసరత్తుతోనూ తీరవు. వాటిని ఆసుపత్రులే సరిదిద్దాలి. అయితే అంతవరకూ వైద్యులు తమను తాము గాలికి వదిలేయకూడదు. తమ ఆరోగ్యాన్ని చూసుకుంటామన్న మాట, వైద్యులు చేసే జెనీవా ప్రతిజ్ఞను 2017లో సవరించినప్పుడు అందులో కూడా చేరింది. సొంతంగా మందులు రాసుకోకుండా, తమకంటూ ఒక డాక్టర్‌ను పెట్టుకోవాలి. నిద్రమాత్ర లేనిదే పడుకోలేకపోతున్నా, బతకాలనిపించకపోయినా ఆ డాక్టర్‌ను అదే రోజు కలవాలి.