పిల్లల జ్వరం, జలుబు, దగ్గు: అపోహలు - వాస్తవాలు

సీజన్ మారగానే పిల్లల డాక్టర్‌గా నేను రోజూ వినే మాట: "డాక్టర్ గారూ, మా బాబుకే ఎందుకిలా మాటిమాటికీ వస్తోంది?" ఆ ప్రశ్నతోనే మొదలుపెడతాను.

అపోహ: తరచూ జలుబు చేస్తోందంటే పిల్లలకు రోగనిరోధక శక్తి తక్కువని.

వాస్తవం: చిన్నపిల్లలకు ఏడాదికి 6 నుంచి 8 సార్లు జలుబు చేయడం మామూలే. ప్లేస్కూల్లో చేరిన కొత్తలో ఇంకా ఎక్కువే. జలుబు తెచ్చే వైరస్‌లు 200కు పైగా ఉన్నాయి. జలుబు వారం, పది రోజులు ఉంటుంది, దగ్గు 2, 3 వారాలు సాగుతుంది. అది తగ్గేలోపే ఇంకోటి అంటుకుంటే నెలల తరబడి ఒకే జబ్బు ఉన్నట్టు అనిపిస్తుంది. మధ్యలో బాగా ఆడుకుంటూ, బరువు పెరుగుతుంటే టెన్షన్ పడకండి. బరువు పెరగకపోయినా, న్యుమోనియా మళ్లీ మళ్లీ వస్తున్నా మాత్రం పరీక్షలు చేయించాలి.

అపోహ: చీమిడి పచ్చగా మారితే యాంటీబయాటిక్ వేయాల్సిందే.

వాస్తవం: ఆ రంగు మన తెల్ల రక్తకణాల్లోని ఎంజైమ్ వల్ల వచ్చేది. మామూలు వైరల్ జలుబులోనూ కొన్నాళ్లకు చీమిడి చిక్కబడి పచ్చగా అవుతుంది. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు, పైగా విరేచనాలు పట్టుకోవచ్చు. పది రోజులు దాటినా తగ్గుముఖం పట్టకపోతే, తగ్గిన జ్వరం తిరగబెడితే, చెవి నొప్పి అంటే చూపించండి. పోయినసారి మిగిలిన సీసా మాత్రం తీయకండి.

అపోహ: జ్వరం ఎంత ఎక్కువుంటే ప్రమాదం అంత ఎక్కువ.

వాస్తవం: ఇంట్లో కంగారంతా దీని గురించే. 102 డిగ్రీలున్నా మందు పడ్డాక లేచి ఆడుకునే పిల్లాడికన్నా, 100 దగ్గరే ఉండి మగతగా పడుకుని పాలు ముట్టని పాపను చూస్తేనే నాకు భయం. 3 నెలల లోపు పసికందుల సంగతి వేరు. వాళ్లకు 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ చేరితే చాలు, అర్ధరాత్రయినా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఏ వయసు పిల్లల్లోనైనా ఊపిరి గమనించండి. ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, నిండా ఒక నిమిషం లెక్కపెట్టండి. 2 నెలల లోపు 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40, లేదా అంతకు మించి ఉంటే ఆలస్యం చేయొద్దు. డొక్కలు ఎగరేస్తున్నా, పెదవులు నీలంగా మారుతున్నా, ఎనిమిది గంటలుగా మూత్రం పోయకపోయినా అంతే.

పారాసెటమాల్ ఇచ్చేది బిడ్డకు హాయిగా ఉండటానికి, థర్మామీటర్‌లో అంకె తగ్గించడానికి కాదు. డోసు వయసును బట్టి కాకుండా బరువును బట్టి ఉంటుంది: ఒక్కో డోసుకు కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, డోసుల మధ్య కనీసం 4 గంటలు, రోజుకు 4 డోసులు మించకుండా. అన్ని సీసాల్లో మందు ఒకే గాఢతలో ఉండదు, కాబట్టి లేబుల్ చదివాకే కొలవండి. వంటింటి స్పూన్ వద్దు. చన్నీళ్ల గుడ్డలూ వద్దు, వణుకు పుట్టి బిడ్డకు ఇంకా ఇబ్బందవుతుంది. ఆస్పిరిన్ అసలే వద్దు.

అపోహ: దగ్గు సిరప్ పడితే త్వరగా తగ్గుతుంది.

వాస్తవం: నాలుగేళ్ల లోపు పిల్లల్లో వీటి వల్ల మేలు కన్నా మత్తు, గుండెదడ లాంటి ఇబ్బందులే ఎక్కువ. ముక్కులో సెలైన్ చుక్కలు వేయండి. ఏడాది దాటిన పిల్లలకైతే పడుకునే ముందు కాస్త తేనె ఇవ్వవచ్చు. ఏడాది లోపు తేనె ఇస్తే బాట్యులిజం (కండరాలు చచ్చుబడే తీవ్రమైన జబ్బు) ప్రమాదం ఉంది. ఆవిరి పట్టబోయి కాలిన పిల్లలు ఆస్పత్రులకు వస్తూనే ఉంటారు, ఆ జోలికి పోవద్దు.

అపోహ: తల్లికి జలుబు చేస్తే పాలివ్వకూడదు.

వాస్తవం: తప్పకుండా ఇవ్వాలి. ఆ జబ్బుతో పోరాడే యాంటీబాడీలు ఆ పాలలోనే బిడ్డకు అందుతాయి. సబ్బుతో చేతులు కడుక్కుని మాస్క్ పెట్టుకుంటే చాలు.

అపోహ: ఫ్లూ టీకా వేస్తే ఫ్లూ వస్తుంది.

వాస్తవం: ఇంజెక్షన్‌గా ఇచ్చే ఫ్లూ టీకాలో బతికున్న వైరస్ ఉండదు. ఒకట్రెండు రోజులు ఒళ్లు వెచ్చబడవచ్చు, అంతే. 6 నెలలు నిండిన పిల్లలకు ఏటా వేయించవచ్చు. అంతకన్నా చిన్న పాపాయిలకు ఈ టీకా వేయరు, అందుకే వాళ్లను ఎత్తుకునే పెద్దవాళ్లు వేయించుకోవాలి. గర్భిణిగా ఉన్నప్పుడే తల్లి వేయించుకుంటే పుట్టే బిడ్డకు మొదటి నెలల్లో ఆ రక్షణ అందుతుంది.